తడిపితే సాగి తెగుతున్న జుట్టుకు బాండ్ రిపేర్ ఎంతవరకు పనికొస్తుంది?

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇది. ఏడు నెలల్లో రెండుసార్లు బ్లీచ్ చేయించుకున్నారు. రెండోసారి వేసింది పాత బ్లీచ్ మీదే పడింది. ఇప్పుడు తల తడిస్తే వెంట్రుకలు సాగి తెగుతున్నాయి, ఆరితే పీచులా నిక్కబొడుచుకుంటున్నాయి. బాండ్ రిపేర్ అని, అంటే వెంట్రుక లోపల తెగిన బంధాలను కలుపుతామని రాసి ఉన్న షాంపూ, కండిషనర్, కడిగేసే మాస్కు, కడగనక్కర్లేని క్రీము నాలుగూ కొని మూడు వారాలుగా దాదాపు రోజూ వాడుతున్నారు. జుట్టు మెత్తబడకపోగా ఇంకా బిరుసెక్కింది. ఇంకెన్నాళ్లు వాడాలి, బ్రాండు మార్చాలా, కత్తిరించడం తప్ప దారి లేదా అని అడిగారు.

పంతొమ్మిదేళ్లుగా జుట్టుకు రంగులు వేస్తున్నాను. అందులో సగం కాలం ఎక్కడో చెడిపోయి వచ్చిన రంగులను సరిచేయడంలోనే గడిచింది. కాబట్టి మొహమాటం లేకుండా చెబుతున్నాను: ముందు ఆ నాలుగూ ఒక వారం పక్కన పెట్టండి. మీ వెంట్రుకకు ఏం జరిగిందో తెలియకుండా ఏది పూసినా అది చీకట్లో చేతులు తడమడమే.

తల దువ్వుకున్నాక దువ్వెనలో మిగిలిన వెంట్రుకలను ఏదైనా ముదురు రంగు గుడ్డ మీద పరచి చూడండి. ఒక కొసన చిన్న తెల్లటి గుబ్బ ఉంటే అది కుదురు నుంచి ఊడినది. రోజుకు 50 నుంచి 100 వెంట్రుకలు అలా ఊడడం మామూలే. అంతకు మించి రాలుతుంటే వెళ్లవలసింది చర్మవైద్యుల దగ్గరకు. ఈ సీసాల్లో ఏదీ దానికి మందు కాదు. గుబ్బ లేకుండా, పొట్టిగా, రెండు కొసలూ మొండిగా ఉంటే అది మధ్యలో తెగినది. ఇక ఇప్పుడు తడి వెంట్రుక ఒకటి తీసుకుని రెండు చేతుల వేళ్లతో మెల్లగా లాగండి. బాగున్న తడి వెంట్రుక తన పొడవులో దాదాపు మూడో వంతు సాగుతుంది, వదిలితే వెనక్కి ముడుచుకుంటుంది. సాగి అలాగే వేలాడినా, ఎండకు పాడైన రబ్బరు బ్యాండులా తెగినా లోపలి భాగం దెబ్బతిన్నట్టు. తడిగా గట్టిగానే ఉండి, ఆరాక మాత్రం గరుకుగా, చిక్కుపడుతూ ఉంటే దెబ్బ ఎక్కువగా పైపొరకు తగిలినట్టు. (గ్లాసు నీళ్లలో వెంట్రుక వేసి మునిగిందా, తేలిందా అని చూసే పరీక్ష ఒకటి బాగా ప్రచారంలో ఉంది. దాన్ని నమ్మకండి. వెంట్రుకకు కాస్త నూనె అంటి ఉంటే చాలు, అది తేలుతుంది.)

ఈ తేడా ఎందుకు ముఖ్యమో చెప్పాలంటే వెంట్రుకను ఒకసారి విప్పి చూడాలి. బయట క్యూటికల్, అంటే ఇంటి మీద పెంకుల్లా ఒకదాని మీద ఒకటి వాలి ఉండే పొలుసుల పొరలు. ఆ పొలుసుల పైన కంటికి కనపడనంత పలచని కొవ్వు పూత ఉంటుంది. జుట్టు జారుడుగా ఉండడానికి, నీటిని తొందరగా పీల్చకుండా ఉండడానికి కారణం అదే. క్షార గుణం ఉన్న రంగులు, బ్లీచ్ మొదట దాన్నే ఊడ్చేస్తాయి. లోపల కార్టెక్స్, అంటే పేనిన తాళ్లలాంటి కెరాటిన్ ప్రొటీను. ఆ తాళ్లను కలిపి ఉంచే బంధాలు మూడు రకాలు. హైడ్రోజన్ బంధాలు తడిస్తే విడిపోతాయి, ఆరితే మళ్లీ కలుస్తాయి. తడి జుట్టును చుట్టి ఆరబెడితే వంకీ నిలవడం, మళ్లీ తడవగానే పోవడం వీటివల్లే. అయానిక్ బంధాలు ఆమ్ల, క్షార గుణాన్ని బట్టి బిగుస్తాయి, వదులవుతాయి. మూడోది రెండు గంధకం పరమాణువుల మధ్య ఉండే డైసల్ఫైడ్ బంధం. ఇది నీటికి లొంగదు. తడిసినప్పుడు కూడా వెంట్రుక తెగకుండా ఉండేది ప్రధానంగా దీని బలంతోనే. మీ జుట్టు తడిలోనే ఎందుకు తెగుతోందో ఇప్పుడు మీకే అర్థమవుతుంది.

ఇక అసలు సంగతి. పర్మింగ్, అంటే జుట్టుకు చాలాకాలం నిలిచే వంకీలు తెప్పించే పని చేసేటప్పుడు కూడా డైసల్ఫైడ్ బంధాలను తెంచుతారు. థయోగ్లైకోలిక్ ఆమ్లంతో తెంచి, జుట్టును కావలసిన ఆకారంలో చుట్టి, తర్వాత హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో తిరిగి కలుపుతారు. అక్కడ తెగిన కొసలు మళ్లీ కలవగలిగే స్థితిలోనే ఉంటాయి. బ్లీచ్ చేసేది వేరు. పెరాక్సైడ్, పర్సల్ఫేట్ కలిసి రంగు కణాలతో పాటు ఆ గంధకాన్ని కూడా ఆక్సీకరించి సిస్టీక్ ఆమ్లంగా మార్చేస్తాయి. అలా మారిన గంధకం మళ్లీ ఇంకో గంధకంతో చేయి కలపదు. మామూలు బ్లీచింగ్‌లోనే డైసల్ఫైడ్ బంధాల్లో 15 నుంచి 25 శాతం దాకా పోతాయి. మోతాదు మించితే 45 శాతం వరకు పోవచ్చు. మీది మించిన కేసే అనిపిస్తోంది. పోయిన ఆ వాటా ఏ కంపెనీ సీసాతోనూ మునుపటిలా తిరిగి రాదు.

అలాగని ఇదంతా మోసం అనుకోవద్దు. ఇక్కడ రెండు వర్గాలూ అతిగా మాట్లాడతాయి. ఒకరు అద్భుతం అంటారు, ఇంకొకరు రంగునీళ్లు అంటారు. మొదటి తరహా, ఈ ఉత్పత్తులకే ఊపు తెచ్చినది, 2014లో వచ్చిన ఓలాప్లెక్స్. దాని వెనక ఉన్న రసాయనవేత్తలు ఎరిక్ ప్రెస్లీ, క్రెయిగ్ హాకర్. అందులోని ముఖ్య పదార్థం బిస్-అమైనోప్రొపైల్ డైగ్లైకాల్ డైమాలియేట్. రెండు చివర్లా కొక్కేలున్న చిన్న అణువు అనుకోండి. తెగినా ఇంకా ఆక్సీకరణ చెందని గంధకపు కొసలను అది పట్టుకుని మధ్యలో వంతెనలా నిలుస్తుందన్నది కంపెనీ మాట. నిజంగా ఆ గంధకాన్నే పట్టుకుంటుందా, చుట్టుపక్కల అయానిక్ బంధాలను బిగించి బలం ఇస్తుందా అన్న దానిపై సౌందర్య సాధనాల రసాయనవేత్తల మధ్య ఏకాభిప్రాయం లేదు. ఎటైనా, బ్లీచ్ జరుగుతున్నప్పుడే కలిపి వాడితే తేడా ఉంటుందని నా చేతులకు తెలుసు. తర్వాత ఇంట్లో వాడే వాటి ఫలితం అంతకంటే చిన్నది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నా కొంత ఉపశమనం ఉంటుంది. ఆ కొంత ఎంతో తెలిసి ఖర్చు పెట్టాలి.

రెండో తరహా కె18 లాంటివి. కెరాటిన్ గొలుసును పోలిన చిన్న పెప్టైడును, అంటే పొట్టి ప్రొటీను ముక్కను లోపలికి పంపే పద్ధతి. తల కడిగాక కండిషనర్ రాయకుండా, నీరు ఒత్తేసి, కొద్దిగా రాసి నాలుగు నిమిషాలు ఆగాలి, కడగకూడదు. అందరూ తప్పు చేసేది ఇక్కడే. అలవాటుగా ముందు కండిషనర్ రాసేస్తారు, ఆ పూత అడ్డుపడుతుంది. మీ దగ్గరున్న కడగనక్కర్లేని క్రీము ఈ తరహాది అయితే మూడు వారాలుగా కండిషనర్ మీదే రాశారేమో గుర్తు చేసుకోండి.

మూడో తరహా సిట్రిక్ ఆమ్లం ఆధారంగా ఉండేవి. దుకాణాల్లో ఇప్పుడు ఎక్కువగా కనిపిస్తున్నవి ఇవే. రెడ్‌కెన్ వారి యాసిడిక్ బాండింగ్ కాన్‌సెంట్రేట్ ఈ కోవలోదే. ఇవి డైసల్ఫైడ్ జోలికి పోవు. పీహెచ్ తగ్గించి పొలుసులను దగ్గరకు తెస్తాయి, అయానిక్ బంధాలను సర్దుతాయి, జుట్టులో చేరిన లోహపు అయాన్లను కొంత పట్టి లాగేస్తాయి. వినడానికి చిన్న పనుల్లా ఉంటాయి. కానీ పైపొర దెబ్బతిన్న జుట్టుకు నేను ముందుగా చెప్పేది వీటినే. ఖరీదైన మొదటి రెండు తరహాలు కొన్నవారిలో చాలామందికి నిజానికి కావలసింది ఈ మూడోది, దానితో పాటు ఒక మంచి కండిషనర్. కండిషనర్‌ను అందరూ చిన్నచూపు చూస్తారు. అది వెంట్రుకల మధ్య రాపిడి తగ్గించడం వల్లే దువ్వేటప్పుడు తెగడం సగానికి సగం తగ్గినట్టు కనిపిస్తుంది. ఎన్ని రెట్లు బలం అంటూ సీసాల మీద కనిపించే అంకెలు చూసినప్పుడు, దేనితో పోల్చారో కింద చిన్న అక్షరాల్లో చదవండి. కండిషనర్ లేని ఉత్త షాంపూతో పోల్చిన సందర్భాలు కనిపిస్తాయి.

నా తప్పు ఒకటి చెప్పాలి. ఈ ఉత్పత్తులు కొత్తగా వచ్చిన రోజుల్లో, వీటిని బ్లీచ్‌లో కలిపితే జుట్టు అసలు చెడిపోదని ఒక శిక్షణ తరగతిలో చెప్పారు, నేను నమ్మాను. కలిపినప్పుడు బ్లీచ్ కాస్త నెమ్మదిస్తుంది. రంగు తేలడం లేదని బ్లీచ్ పొడిలో కలిపే పెరాక్సైడ్ ద్రవాన్ని, అంటే డెవలపర్‌ను 20 వాల్యూమ్ నుంచి 30కి మార్చి, 6 శాతం పెరాక్సైడ్ నుంచి 9 శాతానికి వెళ్లాను, సమయమూ పెంచాను. అప్పటికే ఒకసారి బ్లీచ్ అయిన జుట్టు అది. కడుగుతుంటే నుదుటి దగ్గర పాయ ఒకటి నా చేతిలోకి వచ్చేసింది. ఆ అమ్మాయి అద్దంలో చూసుకుని ఏడవలేదు, తిట్టలేదు. ఊరికే నా వైపు చూసింది. ఇప్పటికీ ఆ చూపు గుర్తొస్తే డెవలపర్ సీసా మీద చేయి ఆగుతుంది. సీటు బెల్టు పెట్టుకున్నాను కదా అని గోడను గుద్దితే ఏమవుతుందో నేను చేసిందీ అదే.

మీ జుట్టు బిరుసెక్కడం గురించి. మూడు అనుమానాలున్నాయి. మొదటిది ప్రొటీను. మీ షాంపూ, కండిషనర్, మాస్కు వెనక రాసిన పదార్థాలు చదవండి. హైడ్రోలైజ్డ్ కెరాటిన్, హైడ్రోలైజ్డ్ వీట్ ప్రొటీన్ వంటి పేర్లు మొదటి వరుసల్లో కనిపిస్తే అవి రోజూ పూత మీద పూతగా చేరుతున్నట్టు. అవి చెడ్డవి కావు, కానీ అవి బాండ్ రిపేర్ కూడా కావు. ముందువైపు ఏమి రాసినా సరే. రోజూ వాడితే చాలామందికి జుట్టు గడ్డిపరకలా అవుతుంది. రెండోది నీరు. బ్లీచ్ వల్ల పుట్టిన సిస్టీక్ ఆమ్లపు రుణావేశానికి నీటిలోని కాల్షియం, రాగి వంటి లోహాలు అతుక్కుంటాయి. అందుకే ఒకే ఇంట్లో, ఒకే నీటితో స్నానం చేసే ఇద్దరిలో బ్లీచ్ చేసిన జుట్టే ముందు గట్టిపడుతుంది. మీ కొళాయి మీద, షవర్ రంధ్రాల చుట్టూ తెల్లటి పొర కడుతుంటే ఈ అనుమానం బలపడినట్టే. మూడోది రోజూ తడపడం. లోపల బలం లేని వెంట్రుక తడిసి ఉబ్బి, ఆరి ముడుచుకుని, మళ్లీ తడిస్తే ప్రతిసారీ కొంత నలుగుతుంది. రిపేర్ పేరుతో మీరు వారానికి ఆరేడుసార్లు చేస్తున్నది అదే.

కాబట్టి నేను మీ స్థానంలో ఉంటే ఇలా చేస్తాను. మొదట ఒకసారి లోహాలను తొలగించే షాంపూతో, అంటే పదార్థాల్లో ఈడీటీఏ వంటివి ఉండి ఖనిజాలను తీసేదని స్పష్టంగా రాసి ఉన్నదానితో కడుగుతాను. ఒక్కసారే, మళ్లీ నెల తర్వాత చూసుకోవచ్చు. ఆ తర్వాత తలస్నానం వారానికి రెండుసార్లు చాలు. బాండ్ ఉత్పత్తుల్లో ఒక్కదాన్నే ఉంచుకుంటాను. తడి వెంట్రుక సాగి తెగుతోంది కాబట్టి మీకు మొదటి లేదా రెండో తరహా సరిపోతుంది. రెండూ కలిపి వాడితే రెట్టింపు లాభం ఉండదు; ఏది పనిచేసిందో, ఏది చెడగొట్టిందో తెలియదు కూడా. కడిగే మాస్కు తరహాది అయితే వారానికి ఒకసారి, నీరు ఒత్తిన తడి జుట్టుకు, కనీసం పది నిమిషాలు. తర్వాత షాంపూ, ఆపై కండిషనర్. ఆ మాస్కు జుట్టును మెత్తబరచదు, అది దాని పని కాదు. మెత్తదనం కండిషనర్ నుంచే రావాలి. రాత్రంతా ఉంచుకుంటే మేలని కొందరు చెబుతారు. మాస్కు ఆరిపోయాక దాని పని దాదాపు ఆగిపోతుంది, దిండు మాత్రం పాడవుతుంది.

నూనె అలవాటుంటే మానక్కర్లేదు. వెంట్రుక లోపలికి చొరబడే గుణం కొబ్బరినూనెకు ఉంది. తలస్నానానికి ముందు రాస్తే కడిగేటప్పుడు పోయే ప్రొటీను తగ్గుతుందని 2003లో వచ్చిన ఒక పరిశోధనలో తేలింది. పొద్దుతిరుగుడు నూనె, మినరల్ ఆయిల్ అదే పరీక్షలో అంతగా నిలవలేదు. అయితే నూనె జిడ్డు మీద బాండ్ మాస్కు రాయకండి. నూనెకు ఒక తలస్నానం, మాస్కుకు ఇంకొక తలస్నానం అని పంచుకోండి.

వేడి విషయంలో మాత్రం నేను కఠినంగా ఉంటాను. రాబోయే రెండు నెలలు స్ట్రెయిటనర్‌ను కంటికి కనపడని చోట పెట్టండి. తప్పనిసరి అయితే జుట్టు పూర్తిగా ఆరాకే, 150 డిగ్రీలు దాటకుండా, ఒక పాయ మీద ఒక్కసారే. తడి ఉన్న వెంట్రుకను వేడి పలకల మధ్య నొక్కితే లోపలి నీరు ఆవిరై, బయటికి దారి లేక వెంట్రుకలో బుడగలు కడుతుంది. సూక్ష్మదర్శినిలో చూస్తే వెంట్రుక స్పాంజిలా కనిపిస్తుంది. స్ట్రెయిటనర్ పెట్టినప్పుడు చుయ్‌మని శబ్దం వచ్చిందంటే ఆ పని జరుగుతున్నట్టే. అలా బుడగలు కట్టిన చోటును ఏ పెప్టైడూ, ఏ మాలియేటూ బాగుచేయలేదు. తడి జుట్టును బ్రష్‌తో లాగకుండా, పెద్ద పళ్ల దువ్వెనతో చివర్ల నుంచి మొదలుపెట్టి పైకి రావడం, తడిగా ఉండగా బిగించి కట్టకపోవడం మీకు తెలిసినవే, సాగదీయను.

కత్తెర గురించి అడిగారు. చిట్లిన చివర అతుక్కోదు. అతికిస్తామనే సీరములు తర్వాతి తలస్నానం దాకా ఉండే జిగురు లాంటివి. పైగా చీలిక అక్కడే ఆగకుండా పైకి పాకుతుంది. జుట్టు నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. మీ జుట్టు 30 సెంటీమీటర్లు ఉందనుకుంటే చివర్లకు రెండున్నరేళ్ల వయసు, వాటి మీద రెండు బ్లీచ్‌లూ పడ్డాయి. అంతా ఒకేసారి తీసేయమని నేను అనను. చివరి మూడు, నాలుగు సెంటీమీటర్లు ఇప్పుడు తీయించి, తర్వాత ఎనిమిది వారాలకోసారి ఒక సెంటీమీటరు తీయిస్తూ పోతే పొడవు కొంచెం కొంచెంగా పెరుగుతూనే ఉంటుంది, పాడైన భాగం తరుగుతూ ఉంటుంది. బాండ్ ఉత్పత్తికి నేను ఇచ్చే విలువ ఇక్కడే. కొత్త జుట్టు కిందికి దిగేదాకా పాత జుట్టు తెగకుండా నిలబడడానికి అది ఊతకర్ర. వెంట్రుక జీవం లేనిది, దానికి పుండు మానినట్టు మానడం ఉండదు. వాడడం ఆపిన కొన్ని వారాలకు గుణం తగ్గినట్టు అనిపిస్తే ఆశ్చర్యపోకండి.

బ్రాండు మార్చాలా అంటే, వాడే తీరు మార్చి ఆరు వారాలు చూడకుండా మార్చకండి. ఆ మధ్యలో ఎవరైనా కెరాటిన్ ట్రీట్‌మెంట్ చేయించుకుంటే సరిపోతుందని సలహా ఇస్తారు, తప్పకుండా ఇస్తారు. పేరు చూసి అది కూడా రిపేరే అనుకోవద్దు. అది జుట్టును నిటారు చేసే పద్ధతి. కొన్నింటిలో వేడికి ఫార్మాల్డిహైడ్ అనే హానికర వాయువు వెలువడుతుంది. దానికి బదులుగా గ్లైఆక్సిలిక్ ఆమ్లం వాడే రకాల తర్వాత మూత్రపిండాలు దెబ్బతిన్న కేసులు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. పైగా చివర స్ట్రెయిటనర్‌తో బాగా ఎక్కువ వేడి పెడతారు. మీ జుట్టు ఇప్పుడు దాన్ని తట్టుకోదు.

ఆరు వారాల తర్వాత తడి వెంట్రుకను మళ్లీ లాగి చూడండి. సాగి వెనక్కి వస్తుంటే ఉత్పత్తిని రెండు వారాలకోసారికి తగ్గించండి. అప్పటికీ వేలాడిపోతూనే ఉంటే ఇక సీసాల మీద డబ్బు పెట్టకుండా ఆ భాగం వరకు కత్తిరించండి. మళ్లీ రంగు కావాలనిపిస్తే బ్లీచ్ కొత్తగా పెరిగిన కుదుళ్లకే పడాలి, పాతదాని మీద అంగుళం కూడా పొర్లకూడదు. రంగు వేసేవారికి ఈ రెండు బ్లీచ్‌ల సంగతి మీరే ముందుగా చెప్పండి. ఏడాది దాటినా సరే, ఆ వెంట్రుక ఇంకా మీ తల మీదే ఉంటుంది. వెనక వైపు ఒక చిన్న పాయ మీద పరీక్ష చేసి చూపమని అడగండి. అక్కర్లేదు, బాండ్ రిపేర్ కలుపుతున్నాం కదా అన్నారంటే కుర్చీలోంచి లేచి వచ్చేయండి.